ఛాయాగ్రాహకుడు నిలుచు చోటు



నెల్లూరు జిల్లాకు పడమటి హద్దుగా నిలిచిన వెలిగొండలను ఆనుకొని ఉదయగిరి దుర్గమున్నదని మీలో చాలమంది ఎరుగుదురు. ఆ కొండ క్రిందనే పుట్టి పెరిగినవారు కొందరు ఈ ప్రసంగమును వినుచును ఉందురు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఆ దుర్గమును ముట్టడించి, లోపలి కళింగ గజపతి సైన్యము పట్టు విడువకుండుటచేత ఏడాదికి పైగా దాని చుట్టు దండు విడిసి, 1514లో దానిని వశపరచుకొని, గజపతి బంధువైన తిరుమల రౌతరాయని బందీగా పట్టి, కొండమీది బాలకృష్ణ విగ్రహమును తన రాజధానికి కొనిపోయి 1515లో అచ్చట ప్రతిష్ఠించెను. ఇదియంతయు శాసనములవలన మనకు తెలియుచున్నది. కాని శాసనము గెలిచిన రాజు చెక్కించినది. ముట్టడి సాగిన ఆ ఏడాది కాలము కొండ క్రింది పల్లెలవారు ఏమి తినిరో, వారి గొడ్లను ఎవరు తోలుకొని పోయిరో, కోట తలుపులు తెరచుకొన్న దినమున లోపలినుండి వెలికి వచ్చినవారి ముఖములెట్లుండెనో చెప్పునట్టి రాయి ఒక్కటియు ఆ కొండమీద లేదు.

ఆ కొరతను తీర్చగల సాధనము మానవుని చేతికి వచ్చుటకు మరి మూడువందల యిరువదియైదు సంవత్సరములు పట్టినది. 1839లో ఫ్రాన్సు దేశమున డాగేరు కనుగొన్న ఛాయాగ్రహణ పద్ధతిని లోకమునకు వెల్లడించిరి. అది మొదలుగా యుద్ధమును జయించినవాని మాటతోనేగాక, దానిని అనుభవించినవాని ముఖముతోను ఎరుగుటకు వీలు కలిగినది. వీలు కలిగినదని మాత్రమే నేననుచున్నాను. ఆ వీలును మనుష్యులు ఎట్లు వినియోగించిరి, ఎట్లు దుర్వినియోగము చేసిరి అన్నదే నేటి నా విషయము. దానికి ముందు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో ఈ విద్య నేర్వగోరు యువతీయువకుల కొరకు దాని మొదటి పాఠములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. చేతిలోని ఫోనులోనే కెమెరా ఉన్న యీ దినములలో పాఠములేల యని కొందరడుగుదురు. యంత్రము తనంతట తానే లెక్కలు వేసికొనుచున్నంత మాత్రమున, ఆ లెక్క ఎప్పుడు తప్పునో తెలిసికొనవలసిన భారము మన మీదనుండి తొలగిపోలేదు.

ఛాయాగ్రహణమనగా వెలుగును కొలిచి పట్టుట. కుండను నింపదలచినవాడు ధారను లావుగా విడిచి త్వరగా ఆపవచ్చును, సన్నగా విడిచి ఆలస్యముగా ఆపవచ్చును. నిండిన కుండలో భేదముండదు. లెన్సులోని రంధ్రము ధార లావును నిర్ణయించును. షట్టరు కాలమును నిర్ణయించును. లెన్సుమీద 2.8, 4, 5.6, 8, 11, 16 అను అంకెలుండును. ఒక్కొక్క అంకె పెరిగినకొలది లోనికి వచ్చు వెలుగు సగమగును. షట్టరు అంకెలును అట్లే: సెకనులో 60వ వంతు, 125వ వంతు, 250వ వంతు, 500వ వంతు. ఒకదానిలో మెట్టు ఎక్కినప్పుడు రెండవదానిలో మెట్టు దిగినచో వెలుగు సమముగా నుండును, చిత్రము మాత్రము మారిపోవును. రంధ్రము చిన్నదైనచో దగ్గరి మనిషియు, అతని వెనుకనున్న కొండయు ఒకే రీతిగా స్పష్టమగును; పెద్దదైనచో మనిషి నిలిచి, కొండ మసకలో కలిసిపోవును. ఈ రెండింటిలో ఏది కావలయునని నిశ్చయించుకొనుట లెక్కకు సంబంధించినది కాదు, చెప్పదలచిన సంగతికి సంబంధించినది.

మన ప్రాంతపు ఎండ ఈ విద్యకు మంచి గురువు. మబ్బులేని ఎండలో, ఫిల్ము వేగము 100 అయినప్పుడు, రంధ్రమును 16 వద్దనుంచి షట్టరును 100 లేక 125వ వంతు వద్దనుంచినచో మీటరు సాయము లేకయే చిత్రము సరిగా వచ్చునని పాతకాలపు ఛాయాగ్రాహకులందరును ఎరిగిన సూత్రమొకటి కలదు. సంవత్సరములో అనేక మాసములు ఆత్మకూరు వీధులలో ఆ సూత్రము తప్పదు. కాని అదే ఎండ మిట్టమధ్యాహ్నమున నడినెత్తిమీద నిలిచి, కనుబొమల క్రింద నల్లని గుంటలు త్రవ్వి, సజీవమైన ముఖమును పుఱ్ఱెగా మార్చును. అప్పుడు మనిషిని వసారా నీడకు పిలువవలయును, లేక సాయంకాలము వరకు వేచియుండవలయును. సోమశిల జలాశయము గట్టుమీద నిలిచిన చామనచాయ మనిషిని ఫోనుకు అప్పగించి చూడుడు: వెనుకనున్న నీటి తళతళను చూచి యంత్రము వెలుగు ఎక్కువైనదని భ్రమించి, ముఖమును నల్లని మచ్చగా తీయును. ముఖమునకు కావలసిన వెలుగును ముఖముమీదనే కొలిచి, నీరు తెల్లబారిపోయినను సరేయని తీయవలయును. ఉదయగిరిలో కొయ్యతో చెంచాలు, గరిటెలు చెక్కు పనివారున్నారు. వారి చేతిపని దేశమంతట ప్రసిద్ధమైనది. వారి యనుమతితో వారి పక్కన కూర్చుండి, షట్టరును 500వ వంతున నుంచి యొకసారి, 30వ వంతున నుంచి యొకసారి తీసి చూచినచో, మొదటిదానిలో ఉలి గాలిలో బిగుసుకొనిపోయి పని ఆగినట్లును, రెండవదానిలో వ్రేళ్లు చలించి, చెంచా మాత్రము నిశ్చలమై, పని సాగుచున్నట్లును కనిపించును. కాలమును ఎంత పలుచగా కోయవలయునో తెలియుటకు ఇంతకంటె మంచి పాఠము నాకు తెలియదు.

ఇవి యన్నియు చేతికి రావలసిన సంగతులు. తలలోనుండి చేతిలోనికి దిగినకొలది కన్ను స్వేచ్ఛ పొందును. 1945 ఫిబ్రవరి 23న ఇవోజీమా ద్వీపమున సురిబాచి కొండమీద అమెరికా సైనికులు జెండా ఎత్తునప్పుడు, జో రోసెంతాల్ అను ఛాయాగ్రాహకుడు తన బరువైన స్పీడ్ గ్రాఫిక్ కెమెరాలో రంధ్రమును 8కిని 11కిని నడుమను, షట్టరును 400వ వంతునను ముందే సిద్ధపరచుకొనియుండుటచేత, కంటి కొసను కదలిక తోచినంతనే కెమెరాను అటు త్రిప్పి, దాని గుండా చూచు వ్యవధియైనను లేక మీటనొక్కెను. అది రెండవ ప్రపంచయుద్ధమంతటిలో అత్యధికముగా ముద్రింపబడిన చిత్రములలో నొకటి. ఆయన దానిని భంగిమ పెట్టించి తీసెనని పుట్టిన అపవాదు వట్టిది. ఆ దినముననే తీసిన వేరొక చిత్రమును గూర్చి ఆయన చెప్పిన మాటను దీనికి ముడిపెట్టుటవలన అది పుట్టినది.

భంగిమ పెట్టించిన చిత్రములును యుద్ధచరిత్రలో లేకపోలేదు. వెనుకటి కాలమున గాజుపలకమీద తడి రసాయనము పూసి, అది ఆరకమునుపే తీసి, కడుగవలసియుండెను. కావున కాల్పుల నడుమ కదులుచున్న మనిషిని పట్టుట అసాధ్యము. 1855లో క్రిమియా యుద్ధమునకు బండినిండ పలకలతో వెళ్లిన రోజర్ ఫెంటన్ మూడువందల యేబదికి పైగా చిత్రములు తెచ్చెను గాని, వానిలో శవమొక్కటియు లేదు. దానికి భిన్నముగా 1858లో లక్నో చేరిన ఫెలీస్ బియాటో అచ్చటి సికందర్ బాగ్ ప్రాంగణమున ఎముకలు చెల్లాచెదరుగా పడియున్న చిత్రమును తీసెను. ఆ తోటలో వేలకొలది తిరుగుబాటు సిపాయీలు హతులైనది 1857 నవంబరులో. ఆయన వచ్చునాటికి నెలలు గడచిపోయినవి. చిత్రము కొరకు ఎముకలను త్రవ్వించి పరపించెనని ఆనాటివారే చెప్పిరి. చనిపోయినవానిని రెండవసారి రంగమునకెక్కించిన యీ పనిని నేను కళయని ఒప్పుకొనజాలను. అందలి ఎముకలు నిజమైనవే, చంపబడుటయు నిజమే, ఐనను చూచువాని మనసులో ఒక్కసారి సందేహము ప్రవేశించినచో, పక్కనున్న నూరు నిజములును దానితోపాటు కళంకితములగును.

ఇక మన ప్రాంతమునకు దగ్గరగా జరిగిన కథయొకటి చెప్పెదను. 1876 మొదలు 1878 వరకు చెన్నరాజధానిని పీడించిన కరువును మన పెద్దలు ధాత కరువని పిలిచిరి. బళ్లారి, కర్నూలు, కడపలతోపాటు నెల్లూరు జిల్లాయును ఆ కరువు వాతపడినది. దక్షిణదేశమున అర్ధకోటికి పైగా ప్రజలు మరణించిరని అంచనా. పనికి వచ్చిన కూలికి దినమునకొక పౌను ధాన్యమునకు సరిపడు కూలియు, దానిపై ఒక అణాయు చాలునని ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించినది ఆ కరువులోనే. ఆ దినములలో విలోబీ వాలస్ హూపర్ అను మదరాసు అశ్వికదళపు అధికారి, అనుభవజ్ఞుడైన ఛాయాగ్రాహకుడు, ఎముకలగూడులైన స్త్రీపురుషులను, శిశువులను వరుసలుగా కూర్చుండబెట్టి, నిలువబెట్టి చిత్రములు తీసెను. ఆయన అంతకుముందు, ఈ దేశపు జాతులను వర్ణించు ఎనిమిది సంపుటముల ప్రభుత్వ గ్రంథమునకు చిత్రములు సమకూర్చినవారిలో నొకడు. ఆ గ్రంథమునకు మనుష్యులను నిలువబెట్టినట్లే కరువు బాధితులనును నిలువబెట్టెను. చిత్రములలో వెలుగు సరిగానున్నది, స్పష్టత సరిగానున్నది, ప్రతి యెముకయు లెక్కింపవచ్చును. లేనిది పేరు. ఒక్కరి యూరు, ఒక్కరి వృత్తి, ఒక్కరికి తరువాత ఏమైనదో చెప్పు అక్షరము ఒక్కటియు మనకు దక్కలేదు. చిత్రము తీసినంతనే వారిని వారి దారిన వదలివేసెనని అప్పుడే విమర్శలు బయలుదేరినవి.

పదేండ్లు తిరుగకమునుపే ఆ మనిషియే యుద్ధభూమిలో కనిపించును. 1885 చివర బ్రిటిషు సైన్యము మాండలేను పట్టుకొని బర్మా రాజును గద్దె దింపినప్పుడు హూపర్ అచ్చట సైనిక పోలీసు అధికారి (ప్రొవోస్ట్ మార్షల్). బందిపోట్లని ముద్రవేసిన బర్మీయులను గోడకు నిలిపి కాల్చు సమయమున ఆయన కెమెరాను సిద్ధపరచి, గుండ్లు తగులు క్షణమును పలకమీద పట్టుటకు యత్నించెననియు, అందుకై కాల్పుల ఆజ్ఞను జాగుచేసెననియు 1886 జనవరిలో లండను టైమ్సు పత్రిక ప్రకటింపగా, పార్లమెంటులో ప్రశ్నలు పుట్టి, విచారణ జరిగి, ఆయనకు బహిరంగముగా మందలింపు తగిలినది. మరుసటి యేడు, 1887లో, ఆయన బర్మా దండయాత్ర చిత్రములు నూరింటిని సంపుటముగా ప్రకటించెను.

హూపర్‌కు ఛాయాగ్రహణ పాఠములు రావని ఎవరును అనజాలరు. వెలుగునందును, కాలమునందును ఆయన ఆనాటివారిలో పండితుడు. ఆయన తప్పినది నిలుచు చోటునందు. కాల్పుల దినమున ఆ చోటు తుపాకులు పట్టినవారి వైపున నున్నది. కరువు దినములలో అది లెక్కలు వ్రాయువాని బల్ల వెనుక నున్నది. ఈ మాటలో నేను అలంకారము పలుకుటలేదు. కెమెరా ఎక్కడినుండి చూచినదో చిత్రములోనే వ్రాసియుండును: ఎంత దూరమునుండి, ఎంత ఎత్తునుండి, ఎదుటివాని కన్ను ఎటు చూచుచుండగా. దూరపు వస్తువును దగ్గరకు లాగు లెన్సులు ఎన్నియైన కొనవచ్చును గాని, వీధికి అవతలినుండి లాగిన ముఖమునకును, మూడడుగుల దూరమున కూర్చుండి తీసిన ముఖమునకును గల భేదమును పసిబిడ్డయైనను గుర్తించును. రెండవదానిలో ఆ మనిషి తీయువానిని చూచి, అంగీకరించియో, నిరాకరించియో, ఏదో యొకటి చెప్పుచుండును.

ఐనను ఒక న్యాయమైన మాట హూపర్ పక్షమునను చెప్పవలసియున్నది. ఆయన తీయకపోయినచో ధాత కరువు వాతపడిన మనవారి ముఖములెన్నియో నేడు మనకు మిగులకపోయెడివి. జాలిలేని కంటితో తీసినదైనను సాక్ష్యము సాక్ష్యమే. తీసినవాని యుద్దేశ్యమును దాటి చిత్రము బ్రదుకుననుటకు ఇదియొక దృష్టాంతము. కావుననే పాత చిత్రములను చింపక, దాచక, వాని వెనుకటి కథతో సహా నేటివారికి చూపవలయునని నా యభిప్రాయము.

హూపర్ ఏ బర్మాలో అపకీర్తి పొందెనో ఆ బర్మా 1942లో జపాను సైన్యము వశమైనది. ఆ వేసవిలో మన విశాఖపట్టణము, కాకినాడల మీదను బాంబులు పడినవి; రంగూనులో బ్రదుకుచుండిన వేలకొలది తెలుగు కూలీలు అడవులనుపడి నడచి వచ్చిరి; బర్మా బియ్యము రాక నిలిచిపోయినది. శత్రువునకు దక్కరాదని బంగాళ తీరపు పడవలను ప్రభుత్వమే స్వాధీనపరచుకొని ధ్వంసము చేయించినది. 1943లో బంగాళమున వచ్చిన కరువు యుద్ధము కన్న బిడ్డ. దాదాపు ముప్పది లక్షలమంది దానిలో నశించిరని పలువురు చరిత్రకారుల లెక్క. కరువను మాట ప్రకటించుటకే ప్రభుత్వము వెనుదీయుచున్నప్పుడు, కలకత్తాలో ఆంగ్లేయుల చేతనున్న స్టేట్స్‌మన్ పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ 1943 ఆగస్టు 22న వీధులలో చచ్చుచున్నవారి ఛాయాచిత్రములను అచ్చువేసెను. వారము తిరుగగనే మరికొన్ని వేసెను. అంతవరకు మాటలతో త్రోసిపుచ్చుచు వచ్చిన సంగతిని ఆ చిత్రములు వచ్చిన పిమ్మట ఢిల్లీలో గాని, లండనులో గాని ఎవరును లేదని చెప్పలేకపోయిరి.

ఆ కరువులోనే సునీల్ జానా అను యువకుడు తన చదువును వదలి ఛాయాగ్రాహకుడైనాడు. 1918లో అస్సాములోని దిబ్రూగఢ్‌లో పుట్టి, కలకత్తాలో ఆంగ్లసాహిత్యము చదువుచున్న ఆయనను కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషి చిత్రకారుడైన చిత్తప్రసాద్‌తోపాటు కరువు పల్లెలకు పంపెను; ఆయన తీసిన చిత్రములు ఆ పార్టీ పత్రికలో వెలువడి, దేశమంతట సహాయనిధులకు విరాళములు రప్పించినవి. ఆకలితో చచ్చుచున్నవాని ముందు కెమెరా ఎత్తి నిలుచుట ఎంత కష్టమో, సాయపడవలసిన చేతులతో చిత్రము తీయుటవలన కలిగిన వేదన ఎట్టిదో ఆయన తరువాతి కాలమున చెప్పికొనినాడు. హూపర్ ఎదుట కూర్చున్నవారును, జానా ఎదుట కూర్చున్నవారును ఒకే విధమైన యెముకలగూళ్లు. కాని జానా చిత్రములలో తల్లి ఒడిలో బిడ్డ నిలిచిన తీరు, కుండను పట్టిన చేయి, ఎదురుచూచు కన్ను మనకు కనిపించును. ఆ మనిషి నిన్నటిదాక ఒక యింటివాడనియు, పంట పండించినవాడనియు స్ఫురించును. యుద్ధచిత్రమునకు బలము ఎక్కడినుండి వచ్చునని నన్నడిగినచో, ఈ స్ఫురణనుండి వచ్చునని చెప్పెదను. శవముల గుట్ట చూచినవాడు కన్నులు మూసికొనును. అన్నము కలుపుచుండిన చేతిని చూచినవాడు మూసికొనలేడు.

జానా అటుపిమ్మట మన తెలుగునేలకును వచ్చెను. నిజాము సంస్థానమున 1946లో కడివెండి గ్రామమున సంఘకార్యకర్త దొడ్డి కొమరయ్య అచ్చటి దొరసాని మనుష్యుల తుపాకికి కూలినది మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ రైతుల సాయుధపోరాటమును మనము నేడు మనసులో చూచునప్పుడు, తుపాకులు పట్టి వరుసగా నిలిచిన పల్లెటూరి స్త్రీల చిత్రమే మొదట కనులముందు నిలుచును. అది జానా తీసినట్లు ప్రసిద్ధము. వారు కెమెరా కొరకు నిలుచుండిరని చిత్రమే చెప్పుచున్నది, దానిలో దాపరికము లేదు. బియాటో ఎముకలను పరపించుటకును దీనికిని భేదమేమన, ఇచ్చట నిలిచినవారు తామెట్లు కనబడవలయునో తామే నిశ్చయించుకొనిరి. భంగిమయే పాపము కాదు. చూచువానికి దానిని దాచుట పాపము.

దగ్గరగా నిలుచుటకు వెల కలదు. చిత్రము బాగుండలేదనిన నీవు చాలినంత దగ్గరగా లేవని యర్థమని చెప్పిన రాబర్ట్ కాపా, 1944 జూన్ 6న నార్మండీ తీరమున అలలలో తడిసి తీసిన చిత్రములు కదలి మసకబారియు ఆ దినపు భయమును నేటికిని మోయుచున్నవి. ఆయన 1954 మే 25న ఇండోచైనాలో మందుపాతర మీద అడుగుపెట్టి మరణించెను. మన దేశస్థుడైన ఛాయాగ్రాహకుడు దానిష్ సిద్దిఖీ 2021 జులై 16న ఆఫ్ఘనిస్థానమున స్పిన్ బోల్దక్ వద్ద హతుడైనాడు. వీరి ధైర్యమునకు నమస్కరించుచునే, ధైర్యము మాత్రమే చిత్రమును చేయదని చెప్పవలసియున్నది. దగ్గరతనము అడుగులతోనే కాక, గడపిన దినములతోను కొలువవలసినది. గుండ్ల నడుమ ఒక్క గంట దూరి వచ్చినవానికంటె, కాల్పులు ఆగిన యూరిలో నెలదినములున్నవాడు యుద్ధమును ఎక్కువగా చూచును.

ఈ అభ్యాసము కొరకు మన ప్రాంతపు యువకులు యుద్ధమునకు పోనక్కరలేదు. ఆత్మకూరుకు ఎగువన పెన్నమీద సోమశిల ఆనకట్ట కట్టినప్పుడు కడప జిల్లాలో ఎన్నియో పల్లెలు నీట మునిగినవి. ఆ పల్లెలను విడిచి వచ్చిన వృద్ధులు ఇంకను అక్కడక్కడ ఉన్నారు. వారి వద్దకు పొండు. మొదటి దినము కెమెరా సంచిలోనే యుండనిండు. తాతా అనియో, అవ్వా అనియో పిలిచి, వారు విడిచి వచ్చిన యింటి వాకిలి ఏ దిక్కునకుండెనో, దొడ్డిలో ఏ చెట్టుండెనో వినుడు. మరల పోయినప్పుడు, వారు ఒప్పుకొనినచో, ఉదయపు వెలుగులో, వారి కంటి యెత్తున కూర్చుండి తీయుడు. చిత్రము వెనుక పేరు, మునిగిన యూరు, ఇప్పటి యూరు, తేది వారు చెప్పినది చెప్పినట్లుగా వ్రాయుడు. పత్రికలో ప్రకటించుటకు సమ్మతించిరో లేదో అదియు వ్రాయుడు. మొదటి ప్రతిని వారి చేతికే ఇచ్చి, దానిని చూచి వారేమనిరో, ఏది సరిగా లేదనిరో, దానిని కూడ ఆ వ్రాతక్రిందనే చేర్చుడు.